గెలాక్సీ కరణం

మా బావమరిది ఈసారి సంక్రాంతికి ఊరికి రాలేదు. సరిహద్దు గొడవట. పొలం గట్టు దగ్గర కాదు, గెలాక్సీ అంచున. పుట్టగొడుగుల జాతి ఒకటి అతని నౌకలకి దారి మూసేసింది. చేసేదిలేక, అరిసెల డబ్బా పట్టుకుని మేమే కూకట్‌పల్లి వెళ్ళాం.

స్టెల్లారిస్ ఆడేవాళ్ళంతా ఇంచుమించు ఒకే అచ్చు. స్వీడన్‌లోని పారడాక్స్ వాళ్ళు 2016లో విడుదల చేసిన ఈ ఆటలో, 2200 జనవరి 1న ఒక్క గ్రహంతో సంసారం మొదలుపెట్టి చుక్కల మధ్య సామ్రాజ్యం కట్టుకుంటూ పోవాలి. చుక్కలెన్ని కావాలో మన ఇష్టం. హోటల్లో రెండిడ్లీకి మించి అడగనివాడు ఇక్కడ వెయ్యికి తగ్గడు. చిల్లుల బనీను, చల్లారిన కాఫీ, స్పేస్‌బార్ మీద బొటనవేలు. అది నొక్కితే విశ్వమంతా ఆగిపోతుంది, కుక్కరు విజిలు తప్ప.

"వీటిని ఫోరెక్స్ ఆటలంటారు బావా," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.

"డాలర్లా?"

"కాదు, నాలుగు ఎక్స్‌లు. 1993లో మాస్టర్ ఆఫ్ ఓరియన్ గురించి రాస్తూ అలన్ ఎమ్రిక్ పెట్టిన పేరు. వెతకడం, విస్తరించడం, పిండుకోవడం, తుడిచిపెట్టడం."

వినడానికి చెంగిజ్ ఖాన్ వ్యవహారంలా ఉందని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండు గంటలు చూశాను. ఒక్క ఫిరంగీ పేలలేదు. ఆ ఆటలో ప్రతి నెలకీ ముప్ఫై రోజులే. ఒకటో తారీఖున జమాఖర్చు తేలుతుంది. వినియోగ వస్తువులు మైనస్ ఏడు. చక్రవర్తి గారి ముఖం వాడిపోయింది. ఫ్యాక్టరీ కట్టించాడు. దానికి ఖనిజాలు చాల్లేదు. రైతుల్ని గనుల్లోకి తోలాడు. తిండి తగ్గింది. మళ్ళీ స్పేస్‌బార్. ఇది సామ్రాజ్యం కాదురా నాయనా, జమాబందీ అందామనుకుని ఊరుకున్నాను. వాళ్ళ తాతగారు కరణం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ పదవుల్ని రద్దు చేసినా, ఆయన మాత్రం వీధరుగు మీద కూర్చుని పాత అడంగళ్ళు తిరగేస్తూనే ఉండేవారట.

ఇంతలో "అయ్యో, పోయిందే!" అని కేక. వంటింట్లోంచి అత్తగారు గరిటెతో పరుగెత్తుకొచ్చారు.

"ఎవర్రా పోయింది?"

"మా సైంటిస్టమ్మా. నలభయ్యేళ్ళ సర్వీసు. ముసలిదైపోయింది."

"పాపం. మనకేమైనా మైలుందా?"

ఆట ఆపి మరీ ఆలోచించాడు. "లేదమ్మా, బల్లి జాతి."

ఆవిడ నిట్టూర్చి వెళ్ళబోతూ తెర మీద పై వరసలో ఎర్రంకెలు చూసి ఆగిపోయారు. కరణంగారి కోడలాయె.

"శిస్తు పడలేదా?"

మేం వచ్చాక మొదటిసారి అతను తల తిప్పాడు. "అదేనమ్మా, కొత్తగా కలుపుకున్న గ్రహాలు. ఖర్చే తప్ప రాబడి లేదు."

"కొత్త భూములు అంతే. మీ తాతగారైతే ముందు బంజరెంతో, సాగెంతో తేల్చేవారు. ఆ మూల పచ్చగా ఉన్నదెవరిది?"

"పుట్టగొడుగులది."

"హద్దురాళ్ళు వేశారా?"

"వేశారు. మనవైపు జరిపి వేశారు."

అత్తగారు గరిటె నా చేతిలో పెట్టి, స్టూలు జరుపుకుని కూర్చున్నారు. పప్పుచారు దింపింది నేనే. పోపు కాస్త మాడింది, ఎవరూ గమనించలేదు. రాత్రి పదకొండింటికి మంచినీళ్ళకని లేచి చూస్తే తల్లీకొడుకులిద్దరూ అక్కడే ఉన్నారు. కాలం ఆగే ఉంది. అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుని అడుగుతున్నారు:

"ఒరే, ఆ చుక్క సర్వే నంబరెంత?"