కిటికీ మూసి బొమ్మ వేయండి

బొమ్మలు నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళకు మొదటి పాఠం ఒకటే చెబుతాను. నాయనా, ముందు ఆ కిటికీ మూయి.

రాజమండ్రిలో మా ఇల్లు సందు మొగలో ఉంటుంది. కిటికీ తీశానా, ఎదురరుగు మీద చుట్ట కాల్చుకునే పెద్దాయన, తోపుడుబండి దగ్గర వంకాయలు ఏరుతూ బేరమాడే ఇల్లాళ్ళు, ఆ బండి నీడలో పడుకుని నీడ జరిగినప్పుడల్లా తానూ జరిగే కుక్క, అందరూ ఒక్కసారి మీద పడతారు. వీళ్ళను చూస్తూ కూర్చుంటే మంగళవారం చేతికొచ్చిన కథకి గురువారం బొమ్మ ఎలా వెళుతుంది? వారపత్రికల్లో కథలకు బొమ్మలు వేసి 34 ఏళ్ళు బతికినవాణ్ణి. నా మాట నమ్మండి. చిత్రకారుడికి కళ్ళు ఉండాల్సింది కాగితం మీద.

ప్రేరణ గురించి చాలామంది అడుగుతారు. ప్రేరణ కరెంటు లాంటిది. వచ్చినప్పుడు వస్తుంది, పోయినప్పుడు పోతుంది. మనం చేయవలసిందల్లా బల్ల ముందు కూర్చుని ఎదురుచూడటం. ఎదురుచూడటంలో నేను ఎవరికీ తీసిపోను. ఉన్న పెన్సిళ్ళన్నీ చెక్కుతాను. చెక్కినవి మళ్ళీ చెక్కుతాను. నిబ్బు కడిగి, తుడిచి, వెలుతురులో పట్టుకుని చూస్తాను. టీ తాగుతాను. "మాస్టారూ, ఊరికే ఏదో ఒకటి గీస్తూ ఉంటే అదే వస్తుందటగా?" అన్నాడు మొన్నొక కుర్రాడు. అన్నం తింటూ ఉంటే ఆకలి వస్తుందన్నట్టుంది వాడి వరస.

తర్వాతది స్కెచ్‌బుక్. ఎప్పుడూ మీ తాహతుకు మించినదే కొనండి. దళసరి కాగితం, గుడ్డ అట్ట, ఎర్ర రిబ్బను ఉండాలి. అంత ధర పెట్టిన పుస్తకంలో మేకనో, బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మనో వేయడానికి ఎవరికైనా చెయ్యి ఆడుతుందా? ఆడదు. అదే కావలసింది. నేను 2011లో ఒకటి కొన్నాను. మొదటి పేజీలో నా జీవితంలోకెల్లా గొప్ప బొమ్మ వేయాలని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయంలో ఇప్పటికీ మార్పు లేదు. స్కూలు పిల్లల లాంగ్ నోట్‌బుక్కులు, కరెంటు బిల్లు వెనకవైపులు, ఇలాంటి చవక కాగితాల జోలికి మాత్రం పోవద్దు. పాడైనా ఫరవాలేదు అనిపించే కాగితం చేతిలో ఉంటే మనిషి ఏం వేస్తాడో వాడికే తెలియదు.

ఇక మొహాలు. నా దగ్గర నాలుగున్నాయి. అత్త, కోడలు, ఆఫీసు మగాడు, పల్లెటూరి తాత. మగాడికి మీసం పెడితే దుర్మార్గుడు, తీసేస్తే కథానాయకుడు, కళ్ళజోడు తగిలిస్తే రచయిత. ఈ నాలుగింటితో వందల కథలు గట్టెక్కించాను. ఒక్కసారి మాత్రం చిన్న పొరపాటు జరిగింది. ఒకే సంచికలో రెండు కథలు నా వంతుకొచ్చాయి. 14వ పేజీలో పెళ్ళాం గొంతు నులిమినవాడే 32వ పేజీలో పెళ్ళిచూపులకు వెళ్ళి కాఫీ తాగుతున్నాడు. మీసం తీయడం మరిచిపోయాను. రెండూ ఒకే సీరియల్ అనుకుని, మధ్యలో పేజీలు పోయాయని పాఠకులు ఫోన్లు చేశారట.

బొమ్మలో అమ్మాయి కావలసి వస్తే వీధిలో అమ్మాయిల్ని చూడకండి. (అందులో వేరే ప్రమాదం కూడా ఉంది.) బాపు బొమ్మని చూడండి. పెద్ద కళ్ళు, బారు జడ, నడుం దగ్గర ఒకే ఒక్క గీత. నేను బాపుని చూసి వేశాను. నా శిష్యుడు నన్ను చూసి వేశాడు. వాడి తమ్ముడు వాణ్ణి చూసి వేస్తున్నాడు. ఇంత దూరం వచ్చేసరికి ఆ జడ తలకి కాక భుజానికి మొలిచినట్టుందన్న మాట నిజమే. సంప్రదాయం అన్నాక కాస్త అటూ ఇటూ అవుతుంది. "మరి బాపు ఎవర్ని చూసి వేశాడండీ?" అని అడిగే తుంటరి ప్రతి బ్యాచిలోనూ ఒకడుంటాడు. వాణ్ణి టీ తెమ్మని పంపించండి.

ఒకసారి పొలం దున్నే రైతు కావలసి వచ్చాడు. మా ఊళ్ళో బస్సెక్కితే అరగంటలో పొలాలు. ఎందుకెక్కాలి? కంప్యూటర్లో వెతికితే నాగలి ఒక ఫొటోలో, ఎడ్లు ఇంకో ఫొటోలో, రైతు మూడో దాంట్లో దొరికారు. మూడూ కలిపి కుట్టాను. పదిహేను రోజులకి కోనసీమ నుంచి ఒక కార్డు వచ్చింది. "అయ్యా, మీ ఎడ్లకు కాడి మెడ మీద లేదు, వీపు మీద ఉంది. మీ నాగలికి మేడి ఉంది గానీ కర్రు లేదు. మీ రైతు మేడి పట్టుకున్నట్టు లేడు, దండెం మీద తువ్వాలు అందుకుంటున్నట్టున్నాడు. ఈ నాగలితో పొలం కాదు గదా, పెరుగన్నం కూడా కలవదు." ఇలాంటి ఉత్తరాలను పట్టించుకోకండి. కార్డు రాసే తీరిక ఉన్నవాడు రైతెలా అవుతాడు?

ఇంత చెప్పినా కొందరు బయటికే వెళతామంటారు. సరే, వెళ్ళే పద్ధతైనా తెలుసుకోండి. ఈజిల్, మడత కుర్చీ, గొడుగు, రంగుల పెట్టె, 24 పెన్సిళ్ళు, నాలుగు రబ్బర్లు, అన్నీ ఉండాలి. చొక్కా జేబులో పట్టే పుస్తకం, ఒక బాల్‌పెన్నుతో వెళ్ళేవాణ్ణి ఎవరూ చిత్రకారుడనుకోరు. అసలు వాడి వైపే చూడరు, ఎవరి పని వాళ్ళు చేసుకుపోతారు. ఇక ఆ వెళ్ళడం ఎందుకు?

నేను అలా సకల సంభారాలతో ఒకసారి కోటిపల్లి బస్టాండు దగ్గరికి వెళ్ళాను. మల్లెపూలమ్మే ఆవిడ ముందు కుర్చీ వేశాను. నేను పెన్సిల్ తీసేదాకా ఆవిడ తన పనిలో ఉంది. దండ కొస మోచేతి దగ్గర ఆనించి, ముంజేతి మీదుగా నడిపించి, నడిమివేలి చివరికి తెస్తే ఒక మూర. వేలితో అక్కడ పట్టుకుని మళ్ళీ మోచేతికి. రెండో మూర. పైన బెత్తెడు కొసరు వదిలి, దారం తెంపి, ఆకులో చుట్టి ఇచ్చేది. దండ పొడవునా ఆవిడ తల కూడా వెళ్ళేది. భుజం వెళ్ళేది. కొసరు దగ్గర మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగి, కొనేవాళ్ళ మొహం చూసి, అప్పుడు బెత్తెడో జానెడో తేల్చుకునేది. ఇంత కదిలే మనిషిని ఎవరు వేయగలరు? "కదలకమ్మా," అన్నాను. అంతే. పైట సర్దుకుంది. వీపు నిటారు చేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆధార్ కార్డుకి ఫొటో దిగుతున్నట్టు నా వైపు చూసింది. హాయిగా 40 నిమిషాలు వేశాను. ఈలోగా మూడు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి, ఆవిడ బేరాలతో సహా. ఆ నష్టానికి నాలుగు మూరలు కొనక తప్పలేదు. ఇంటికొచ్చి చూస్తే బొమ్మలో పూలు కనిపించలేదు. కింద "పూలమ్మే ఆవిడ" అని రాశాను.

పనిచేసేవాళ్ళను ఆపకుండానే వేయొచ్చని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఏ పనిలోనైనా భంగిమలు నాలుగో అయిదో ఉంటాయట, మనిషి తిరిగి తిరిగి వాటికే వస్తాడట. అందుకని ఒకే కాగితం మీద నాలుగు బొమ్మలు మొదలుపెట్టి, ఏ భంగిమ తిరిగొస్తే ఆ బొమ్మకి రెండు గీతలు చేర్చుకుంటూ పోవాలట. రేవులో బట్టలు ఉతికేవాళ్ళను చూసి అలా వేసిన కాగితం ఒకటి నాకు చూపించారు. ఎత్తిన చేతులు, వంగిన నడుం, గాల్లో పంచె. ఒక్క బొమ్మా పూర్తి కాలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వినిపించింది. మొదలుపెట్టింది ముగించనివాణ్ణి నేను నమ్మను.

వీటన్నిటికన్నా సుఖమైన దారి ఫోనుతో ఫొటో తీసుకుని ఇంటికి వచ్చేయడం. దగ్గరగా ఉన్న పాదం ఏనుగు పాదమంత పడితే అలాగే వేయండి. ఎండలో మొహం నల్ల మచ్చలా పడితే అలాగే వేయండి. కెమెరా అబద్ధం చెబుతుందా? నా ఫోనులో కొన్ని వేల ఫొటోలున్నాయి. ఏది ఎందుకు తీశానో గుర్తులేదు గానీ ఒక్కటీ తుడపలేదు.

వెనక నిలబడి చూసేవాళ్ళు వస్తే పుస్తకం మూసేయండి. వివరించనక్కర్లేదు.

చూసి వేయడం అనే జబ్బు పెద్ద పెద్దవాళ్ళకే అంటుకుంది. మా ఊళ్ళో అయితే మరీను. వందేళ్ళ కిందట ఇక్కడి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలుగా ఉండేవాడు. కాలేజీ ఏదో నడుపుకోక, కుర్రాళ్ళను చేరదీసి బొమ్మల పిచ్చి, కవిత్వం పిచ్చి ఎక్కించాడు. అడివి బాపిరాజు, దామెర్ల రామారావు అలా తయారైనవాళ్ళే. రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, అక్కడే పేరు సంపాదించుకోక, తిరిగొచ్చి ఇక్కడ బొమ్మల బడి పెట్టాడు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకి ముప్పై ఏళ్ళు కూడా లేవు. అంత తక్కువ కాలంలో అన్ని బొమ్మలు ఎలా వేశాడో ఆలోచించకండి, నిద్ర పట్టదు. ఆయన పేరున్న ఆర్ట్ గ్యాలరీ ఇక్కడే ఉంది. దాని వైపు వెళ్ళొద్దు. వెళ్ళినా ఏ బొమ్మ ముందూ రెండు నిమిషాలకు మించి నిలబడొద్దు. బయటికొచ్చాక గోదావరి వైపు చూశారంటే ఆ పూటకి ఇంటికి చేరరు.

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ ఇంకో రకం. కార్డు ముక్క కనిపిస్తే చాలు, దాని మీద బొమ్మ గీసి శిష్యులకో స్నేహితులకో పోస్టు చేసేవాడు. 1938లో హరిపుర కాంగ్రెస్ సభలకు బొమ్మలు వేసిపెట్టమని గాంధీగారంతటివారు అడిగితే, నాయకుల్ని నిలువెత్తున వేయక, డోలు వాయించేవాణ్ణి, దూది ఏకేవాణ్ణి, దర్జీని వేసి తగిలించాడు. ఆర్.కె. లక్ష్మణ్ అయితే చిన్నప్పుడు తన గది కిటికీలోంచి (కిటికీ! చెప్పానా?) కట్టెలు కొట్టే పనివాణ్ణి, ఎండుపుల్లల్ని, కాకుల్ని చూసి వేసేవాడు. జె.జె. స్కూలు వాళ్ళు సీటు ఇవ్వం పొమ్మన్నారు. అక్కడితోనైనా బుద్ధి తెచ్చుకోవాలా? పెద్దవాడయ్యాక కూడా ఆ కాకుల్ని వదల్లేదు.

అమెరికాలో కిమోన్ నికొలాయిడీస్ అనే బొమ్మల పంతులు ఒకాయన ఉండేవాడు. ఆయన పోయిన మూడేళ్ళకి, 1941లో, ఆయన పాఠాలు పుస్తకంగా వచ్చాయి. కాగితం వైపు చూడొద్దంటాడు. చూపు ఎదుటి మనిషి అంచు మీద పెట్టి, అది నడిచినంత నెమ్మదిగా పెన్సిల్‌ని నడిపించమంటాడు. ఇంకో పాఠంలో నిమిషం కూడా ఇవ్వడు. మనిషి ఎలా ఉన్నాడో వదిలేసి, ఏం చేస్తున్నాడో గీసేయమంటాడు. ఎంత అన్యాయమో చూద్దామని మా ఆవిడ బియ్యం ఏరుతుంటే ప్రయత్నించాను. ముక్కు వెళ్ళి చెవి పక్కన పడింది. చేట గాల్లో తేలింది. ఆవిడ ఒంగి చూసి, "ఇది నేనే!" అంది. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆవిడవి ఎన్నో బొమ్మలు వేశాను. ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆ కాగితం చించేశాను.

ఒక తప్పు మాత్రం దాచకుండా చెప్పాలి. మా మేనకోడలి పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున. నిద్ర ఆపుకోలేక విడిదింటి వెనక్కి వెళ్ళి ఒక బస్తా మీద కూర్చున్నాను. అక్కడ వంటమేళం. అరవై దాటిన ఆవిడ కత్తిపీట ముందేసుకుని గుత్తివంకాయలు చీలుస్తోంది. కత్తిపీట ముందు ఆడవాళ్ళను నా సర్వీసులో తక్కువలో తక్కువ యాభైమందిని వేసి ఉంటాను. అందరూ బాసింపట్టు వేసుకుని, కుచ్చిళ్ళు అందంగా పరుచుకుని, మన వైపు చూసి నవ్వుతూ ఉండేవాళ్ళు. ఈవిడ నవ్వడం లేదు. ఒక మోకాలు గడ్డం దాకా లేచి ఉంది. రెండో పాదం పీటని అదిమి పట్టింది. కత్తి కదలదు, కాయే కత్తి మీదికి వెళుతోంది, ముచ్చిక దాకా వెళ్ళి ఆగుతోంది, తిరిగి అడ్డంగా వెళుతోంది. చీల్చిన కాయ వెనక్కి చూడకుండానే ఉప్పునీళ్ళ బేసిన్లో పడుతోంది. చూపంతా పొయ్యి దగ్గరి కుర్రాడి మీద, నోరంతా వాడి తిట్లలో. నా జేబులో పసుపు రాసిన శుభలేఖ ఒకటి, ఎవరిదో బాల్‌పెన్ను ఒకటి ఉన్నాయి. రబ్బరు లేదు. కుర్చీ లేదు. ప్రేరణ వచ్చిందో లేదో చూసుకునే వ్యవధి కూడా లేదు. తలెత్తేసరికి మాంగల్యధారణ అయిపోయింది. మా అక్క నాతో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతుంది.

ఆ వారం కథకి బొమ్మ సిద్ధంగా లేక ఆ శుభలేఖనే పంపేశాను. సంపాదకుడు ఫోను చేశాడు. "ఈ బొమ్మ ఎవరు వేశారండీ?" నేనే అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అన్నాడు. లేవన్నాను. అబద్ధం కాదు, నిజంగానే లేవు. మర్నాడే వడ్రంగిని పిలిచి కిటికీకి రెండో గడియ వేయించాను.

2011లో కొన్న స్కెచ్‌బుక్ నా దగ్గరే ఉంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మచ్చ లేదు, ఎర్ర రిబ్బను కూడా నలగలేదు. సగం ధరకి ఇచ్చేస్తాను. కావలసినవాళ్ళు వచ్చి తలుపు కొట్టండి.