తాతగారూ, ఇటు చూడండి!

పుట్టినరోజు ఎవరిదో కేకు మీద రాసే ఉంటుంది. చదువుదామంటే కళ్లజోడు గదిలో ఉండిపోయింది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి కూర్చోబెట్టిన పెద్దవాళ్లంతా చప్పట్లు కొడతారు. ఏడేళ్ల బాబు కొవ్వొత్తి ఊదుతాడు, నాన్న వీడియో తీస్తాడు, అమ్మ ఒక్కొక్కరి చేతిలో అరటిపండూ బ్రెడ్డు ప్యాకెట్టూ పెడుతుంది. "తాతగారూ, ఇటు చూడండి! మామ్మగారూ, కాస్త నవ్వండి!" నవ్వు సరిగ్గా పడకపోతే ఇంకో టేకు. అరగంటలో కారు గేటు దాటుతుంది. రాత్రికి వాట్సాప్ స్టేటస్‌లో సేవ వెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఏ పెద్ద ఊరి శివార్లకు వెళ్లినా ఇలాంటి వృద్ధాశ్రమం ఒకటి తగులుతుంది. ఆఫీసు గదిలో బోర్డు ఉంటుంది: అల్పాహారానికి ఇంత, మధ్యాహ్న భోజనానికి ఇంత, స్వీటుతో ప్రత్యేక భోజనానికి ఇంకొంత. పుట్టినరోజైనా, పెళ్లిరోజైనా, వర్ధంతైనా రేటు ఒకటే. దేశంలో సమసమాజం వచ్చిన చోటు బహుశా ఇదొక్కటే. పొద్దున ఇడ్లీ ఎవరి నాన్నగారి సంవత్సరీకం లెక్కలోనో పడుతుంది, మధ్యాహ్నం పులిహోర ఎవరి పాప మొదటి పుట్టినరోజు లెక్కలోనో. తొమ్మిదింటికి ఫొటోలోని పెద్దాయన ఆత్మశాంతికి మౌనం పాటించినవాళ్లే ఒంటిగంటకు 'హ్యాపీ బర్త్‌డే' పాడాలి. సినిమావాళ్లయితే ఈ పనికి జూనియర్ ఆర్టిస్టులకు రోజుకూలీ ఇస్తారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ పుట్టినరోజులు లేకపోతే చాలా ఉచిత ఆశ్రమాల్లో పొయ్యి వెలగదు. వంటమనిషి జీతం, గ్యాస్ బండ, మంచం పట్టినవాళ్ల డైపర్లు ఫొటోలో అందంగా రావు కాబట్టి వాటికి దాతలు దొరకరు. అందుకే నిర్వాహకుడు కేకును భరించి బియ్యం బస్తా సంపాదిస్తాడు. ఆయన్ని తప్పుపట్టడానికి ఈ కాలమ్‌కు నోరు రావడం లేదు.

దాతలూ రోజూ రారు. వాళ్లకో పంచాంగం ఉంది. ఫిబ్రవరి 17 కేసీఆర్ పుట్టినరోజు, ఏప్రిల్ 20 చంద్రబాబుది, జులై 24 కేటీఆర్‌ది, డిసెంబరు 21 జగన్‌ది. మే 28న ఎన్టీఆర్ జయంతి, జులై 8న వైఎస్ జయంతి. మధ్యలో వెండితెర కోటా: ఆగస్టు 9 మహేశ్‌బాబు, 22 చిరంజీవి, అక్టోబరు 23 ప్రభాస్. సెప్టెంబరు 2న పవన్ కల్యాణ్ రెండు కోటాల్లోనూ వస్తారు. ఆయా తేదీల్లో అనుచరులూ అభిమానులూ ఫ్లెక్సీతో సహా దిగిపోతారు. పార్టీలు వేరు, అరటిపండు ఒకటే. శాసనసభలో ఏనాడూ కుదరని ఏకాభిప్రాయం వృద్ధాశ్రమం వరండాలో ఏటా కుదురుతోంది.

ఇక అక్టోబరు 1. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1990 డిసెంబరు 14న కూర్చుని ఆ తేదీని అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవంగా తీర్మానించింది. మర్నాడే మనకు గాంధీ జయంతి అన్న సంగతి న్యూయార్క్‌లో ఎవరికీ తట్టినట్టు లేదు. వరసగా రెండు రోజులు సన్మానాలు, శాలువాలు, పళ్లు. మూడో తేదీన అజీర్తి.

అజీర్తితో పోతే అదృష్టమే. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు. ఆ వరండాలో కూర్చున్నవాళ్లలో ఎందరికి షుగరుందో గోడకున్న మందుల చార్టు చూస్తే తెలిసిపోతుంది. కానీ కేకు తెచ్చినవాళ్లు చార్టు చూడటానికి రాలేదు కదా! "ఒక్క ముక్కకి ఏం కాదు మామ్మగారూ" అని నోట్లో పెట్టేస్తారు. ఒక్క ముక్కే, నిజమే. సాయంత్రం వచ్చే పెళ్లిరోజువాళ్లదీ ఒక్క ముక్కే. కాలేజీ కుర్రాళ్ల ఉత్సాహం మరో దారిలో పోతుంది: మోకాళ్లు అరిగినవాళ్లకు మ్యూజికల్ చైర్స్ పెడతారు. కుర్చీ దొరికినవాళ్లు లేవరు, దొరకనివాళ్లు పరిగెత్తరు.

ఇన్ని పుట్టినరోజుల మధ్య అక్కడ ఉండేవాళ్ల పుట్టినరోజులు ఏమయ్యాయి? ఆ తరంలో చాలామందికి తాము పుట్టిన తేదీ తెలియదు. ఏ తుపాను ఏడాదో, ఏ పుష్కరాల ముందో పుట్టామని చెబుతారు. తేదీ చెప్పలేనివాళ్లకు ఆధార్ కార్డు జనవరి 1 రాసిచ్చింది. కనుక ప్రభుత్వం దృష్టిలో ఆశ్రమంలో బోలెడంతమంది ఒకే రోజు పుట్టిన కవలలు. ఆ రోజు కేకులూ బాగానే వస్తాయి, వాటి మీద మాత్రం 'హ్యాపీ న్యూ ఇయర్' అని ఉంటుంది. అరవైకి షష్టిపూర్తి, డెబ్భైకి భీమరథ శాంతి, ఎనభై దాటాక సహస్ర చంద్ర దర్శనం అంటూ వయసు పెరిగేకొద్దీ పండుగలు పెట్టుకున్న జాతి మనది. పెద్దవాళ్లను పీటల మీద కూర్చోబెట్టి పిల్లలు చేయాల్సిన వేడుకలవి. ఇప్పుడు పిల్లలు కేకు కోస్తే పెద్దవాళ్లు చప్పట్లు కొడుతున్నారు.

నెలనెలా డబ్బు కట్టి ఉండే ఖరీదైన సీనియర్ లివింగ్ ప్రాంగణాల్లో అరటిపండ్ల బెడద లేదు, టైంటేబుల్ బెడద ఉంది. ఆరింటికి యోగా, పదకొండింటికి తంబోలా, నాలుగింటికి కరోకే. బ్యాంకు మేనేజరుగా వందమందిని హడలెత్తించి రిటైరైన మనిషిని పట్టుకుని ఓ అమ్మాయి "అంకుల్, చేతులు పైకీ... వెరీ గుడ్!" అంటుంది. కాలిఫోర్నియాలో ఉన్న కొడుకు ఆన్‌లైన్లో కేకు పంపుతాడు. వేసవిలో అక్కడ సాయంత్రం ఏడయితే ఇక్కడ ఉదయం ఏడున్నర. కాబట్టి తండ్రిగారు పళ్లు తోముకున్న పది నిమిషాలకే, కాఫీకి ముందే, క్రీము కేకు కోయాలి. తర్వాత కొడుక్కి మీటింగుంది.

చట్టానికి ఇవన్నీ తెలియవనుకుంటే పొరపాటు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో సంక్షేమమంటే తిండీ వైద్యమే కాదు, వినోద కేంద్రాలు కూడా అని రాసే ఉంది. జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలు ప్రభుత్వం పెట్టవచ్చనీ ఉంది. పెట్టాలి అని కాదు, పెట్టవచ్చు అని. కన్నవాళ్లను వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రోజుల్లో ఓ మోస్తరు పుట్టినరోజు వేడుకకు బెలూన్ల అలంకారమే అంతవుతుంది.

ఈ సందడి వల్ల పెద్దవాళ్లకు ఒరిగేదెంత అని అమెరికాలో రిచర్డ్ షుల్జ్ అనే పరిశోధకుడు 1976లోనే లెక్క తీశారు. ఒక వృద్ధుల నివాసానికి కాలేజీ విద్యార్థులను పంపారు. ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో చెప్పే అధికారం కొందరు వృద్ధులకిచ్చారు. కొందరికి ఆ అధికారం లేదు గానీ ఎప్పుడొస్తారో ముందే కబురు చేశారు. కొందరి దగ్గరికి చెప్పాపెట్టకుండా వెళ్లారు. మిగిలినవాళ్ల దగ్గరికి అసలు వెళ్లలేదు. మొదటి రెండు జట్లూ ఆరోగ్యంలో, హుషారులో మెరుగుపడ్డాయి. చెప్పకుండా వెళ్లినవాళ్ల వల్ల, ఎవరూ వెళ్లనివాళ్లకంటే ఒనగూడింది ఏమీ లేదు. కథ అక్కడితో ఆగలేదు. విద్యార్థులు రావడం మానేశాక, బాగుపడ్డ జట్లే దిగజారాయని తర్వాతి పరిశీలనలో తేలింది. అలవాటు చేసి మానేయడం అసలు రాకపోవడం కంటే చేటు చేసిందన్నమాట. ఫ్లెక్సీ కట్టేవాళ్లెవరూ ఈ పరిశోధన చదివిన దాఖలా లేదు.

అదే ఏడాది కనెక్టికట్‌లోని ఆర్డెన్ హౌస్ అనే నర్సింగ్ హోమ్‌లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ ఇంకో పని చేశారు. ఒక అంతస్తు వాళ్లకు తలో మొక్క ఇచ్చి నీళ్లు మీరే పోసుకోండి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి అన్నారు. ఇంకో అంతస్తులో మొక్కలకు నర్సులే నీళ్లు పోశారు, సినిమా రోజూ వాళ్లే నిర్ణయించారు. పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే మొదటి అంతస్తులో పోయినవాళ్లు 15 శాతం, రెండోదాంట్లో 30 శాతం. పరీక్షలో ఉన్నదే తొంభైమంది చిల్లర కాబట్టి అంకెల మీద పేచీ పెట్టవచ్చు. కానీ మన ఆశ్రమాల్లో టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో ఒకసారి చూడండి. భక్తి చానల్ పెట్టాలని నిర్ణయించేది ఆయా. ఎదురుగా కూర్చున్న మామ్మగారికి క్రికెట్ ఇష్టమని ఆయాకు ఎవరూ చెప్పలేదు.

"ఆదివారం భోజనం మాది రాసుకోండి, పాప పుట్టినరోజు" అని ఫోన్ వస్తుంది. ఈ నెల ఆదివారాలన్నీ నిండిపోయాయండీ, మంగళవారం ఖాళీ ఉంది, కేకు వద్దు, ఊరికే వచ్చి ఓ గంట కూర్చుని కబుర్లు చెప్పి వెళ్లినా చాలు అంటాడు నిర్వాహకుడు.

"మంగళవారమా! శుభమా అని పుట్టినరోజండీ. పక్క ఆశ్రమం నంబరుంటే ఇవ్వండి."