పిన్నుల బాబాయ్

కోసపాళయంలో మా వీధివాళ్ళు ఆయన్ని ఏరోప్లేన్ సార్ అంటారు. ఉన్న నాలుగు తెలుగు కొంపలవాళ్ళం మాత్రం పిన్నుల బాబాయ్ అంటాం. సొంతూరు యానాం. సర్కారు ఉద్యోగం కోసం ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు దాటి పుదుచ్చేరి వచ్చారు. రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. పులసల కాలంలో తప్ప గోదావరి గుర్తుకు రాదు.

ఆయన విమానం నడపరు. ఎక్కమన్నా ఎక్కరు, కళ్ళు తిరుగుతాయిట. లాసుపేట ఎయిర్‌పోర్టులో విమానం లేస్తే వీధిలో పిల్లలంతా తలలెత్తుతారు, ఈయన ఎత్తరు. “పైకి కనబడేదాంట్లో ఏముందండీ, రేకు!” అంటారు. ఆయన ప్రాణమంతా లోపలి వైర్ల మీదే.

ఈ జాతి మనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. ఒకప్పుడు రేడియోలు విప్పేవారు, తర్వాత డిష్ యాంటెన్నాలు తిప్పారు, ఇప్పుడు విమానాల దాకా వచ్చారు. డల్లాస్‌లో బాబాయ్ గారి అన్నగారబ్బాయి కారు షెడ్డులో ఆర్‌వీ-10 కట్టుకుంటున్నాడు. వ్యాన్స్ కంపెనీవాళ్ళ కిట్టు, నాలుగు సీట్లది. ఇలా ఇంట్లో కట్టుకునే విమానంలో సగానికి మించిన పని ఔత్సాహికులే తమ చేతులతో చెయ్యాలని అక్కడి రూలు. బాబాయ్ అది రెండుసార్లు చదివి, “చేతుల సంగతి రాశాడు గానీ నోటి సంగతి రాయలేదు” అని తేల్చారు. అప్పట్నుంచీ శనివారం రాత్రి తొమ్మిదయ్యేసరికి వీడియో కాల్. అక్కడ వేసవిలో అయితే అది పొద్దున్న పదిన్నర, కుర్రాడింకా కాఫీ తాగుతుంటాడు.

ముందుగదిలో మంచాన్ని ఒక ప్లైవుడ్ చెక్క ఆక్రమించింది. దాని మీద అసలు ప్యానెల్ కొలతలకి కోసిన అట్టపెట్టెలు: స్క్రీను, జీపీఎస్, ట్రాన్స్‌పాండర్, ఆటోపైలట్. లోపల గాలి తప్ప ఏమీ లేదు. వెనక కనెక్టర్లు మాత్రం అసలువే, చెన్నై రిచీ స్ట్రీటులో బేరమాడి తెచ్చినవి. తొమ్మిది పిన్నులవి, ఇరవయ్యైదు పిన్నులవి, ముప్ఫైయేడు పిన్నులవి. వాటిమధ్య వైర్లు, ప్రతి వైరుకీ రెండు కొసలా పేరు. ఈ పేర్లు పెట్టడం వంటింట్లోకీ పాకింది. మిక్సీ ప్లగ్గు ఏదో తెలియాలంటే పిన్ని ఇప్పుడు డ్రాయింగు చూసుకోవాలి. ఆయుధపూజనాడు క్రింపింగ్ టూలుకి బొట్టు, మల్టీమీటరుకి దండ.

గోడ మీద వెంకన్న పటం పక్కన పేపరులోంచి కత్తిరించిన కెప్టెన్ అమోల్ యాదవ్ ఫోటో ఉంటుంది. ముంబై కాందివలిలో మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో నిలబెట్టి, 2017లో దానికి రిజిస్ట్రేషన్ సంపాదించిన మనిషి. “మహానుభావుడు! ఆ పేపరువాడికే బుద్ధి లేదు. రెక్కలూ తోకా వేశాడు, ప్యానెల్ వెనకవైపు ఒక్క ఫోటో వేశాడా?”

ప్యానెల్లో పెట్టెలు ఒకదాంతో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో చెప్పే ఓపిక మాత్రం అపారం. ఆర్‌ఎస్-232 అంటే ఆయనకి పిల్లలాట. ఒకడు చెప్పే టీఎక్స్ రెండోవాడు వినే ఆర్‌ఎక్స్‌కి కలపాలి, గ్రౌండు ఇద్దరికీ ఉమ్మడి, వేగం సమానం, అంతే. క్యాన్ బస్ అంటే కొంచెం భక్తి. రెండు కొసలా నూట ఇరవై ఓముల రెసిస్టర్లుండాలి. కరెంటు తీసేసి కొలిస్తే అరవై చూపించాలి. అరవై వచ్చిందా, “షష్టిపూర్తి అయిందోయ్” అని కేకేస్తారు. నూట ఇరవై వస్తే ఒక కొస రెసిస్టరు పోయినట్టు, ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. ఏరింక్ 429 దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. “ఒకడే చెబుతాడు. ఇరవై మంది దాకా వింటారు. ఆ తీగ మీద తిరిగి సమాధానం చెప్పే హక్కు ఎవడికీ లేదు. అచ్చం మా సూపరింటెండెంటు గారి గదే!”

విమానం ఎగరడానికి వైర్లు కావాలని మనం అనుకుంటాం. బాబాయ్ లెక్కలో వైర్లు ఉండటానికి ఏదో ఒక విమానం కావాలి. ఎగిరిందంటే ప్యానెల్ మూసెయ్యాలి, అదీ ఆయన బాధ.

మొన్న శనివారం నేనూ అక్కడే ఉన్నాను. “బాబాయ్, ట్రాన్స్‌పాండరు జీపీఎస్ అందట్లేదంటోంది” అన్నాడు డల్లాస్ అబ్బాయి. 2020 జనవరి 1 నుంచి అక్కడ పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టుపక్కల తానెక్కడుందో తానే చాటుకోని విమానానికి చోటు లేదు. అంటే సమస్య పెద్దదే. బాబాయ్ మొహం మాత్రం పెళ్ళివారొచ్చినట్టు వెలిగిపోయింది.

“టీఎక్స్ ఎటు పెట్టావు?”

“ఆర్‌ఎక్స్‌కే బాబాయ్.”

“గ్రౌండు?”

“ఉంది.”

“వేగం?”

“రెండువైపులా 9600.”

“ఆయ్. మరి ఫార్మాట్?”

అవతల కాఫీ కప్పు కింద పెట్టిన చప్పుడు. పోర్టు సెట్టింగులో ఎన్‌ఎమ్‌ఈఏ అని ఉంది. ట్రాన్స్‌పాండరు ఎదురుచూస్తున్నది ఆ చాటింపు కోసం, అంటే ఏడీఎస్-బీ కోసం పెట్టిన వేరే ఫార్మాట్. అది మార్చాడు, స్క్రీను పచ్చబడింది, కుర్రాడు గెంతాడు. బాబాయ్ కుర్చీలో చతికిలబడ్డారు.

“ఇంకెక్కడా ఎర్రగా లేదా?”

“లేదు బాబాయ్! తనిఖీ అయిపోయి కాగితం చేతికొస్తే ఇక టెస్ట్ ఫ్లైట్లే. ఇంజనుని బట్టి ఇరవయ్యైదో నలభయ్యో గంటలు.”

“అన్ని గంటలూ ప్యానెల్ మూసే ఉంటుందా?”

“మూసే ఉండాలి కదా!”

“అదేంట్రా! రెండో జీపీఎస్ కోసం పోర్టు ఖాళీగా ఉంచాను. అది తేలకుండా ఎగిరిపోతావా?”

“వాణ్ణి ఎగరనివ్వండి” అంది పిన్ని వంటింట్లోంచి.

ఆయన వినలేదు. కత్తెర పుచ్చుకుని, కొత్త మిక్సీ వచ్చిన అట్టపెట్టె ఎక్కడ పెట్టావని అడుగుతూ లోపలికి వెళ్ళారు. పిన్ని దాని మీదే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.