పాత సైకిలుకు పెద్దదిక్కు

కుప్పం ప్రాంతంలో పాత సైకిలు కొనదలచినవాడు డబ్బు సమకూర్చుకోవడానికి ముందే ఒక పెద్దమనిషిని సమకూర్చుకోవడం ఆనవాయితీ. ఆ పెద్దమనిషికి లోకంలో స్థిరమైన పేరేదీ లేదు గనుక, సౌలభ్యం కోసం ఇక్కడ అతడిని పరీక్షకుడు అని వ్యవహరించవచ్చు. పరీక్షకుడనగా, తనకంటూ సైకిలు లేకపోయినా పరుల సైకిళ్ల మంచిచెడ్డలు తేల్చే బాధ్యతను ఎవరూ అప్పగించకుండానే నెత్తిన వేసుకొని, అందుకు ప్రతిఫలంగా ఒక టీ, రెండు బోండాలు మాత్రమే పుచ్చుకొనే మధ్యవయస్కుడు. బేరం జరిగే చోటికి ఇతడు వచ్చేది టీవీఎస్ మోపెడ్ మీద. పొరుగునే ఉన్న హోసూరులో తయారై 1980లో రోడ్డెక్కిన ఆ బండి వంశాన్ని కేవలం మోకాళ్ల నొప్పి వల్ల ఆశ్రయించవలసి వచ్చిందనీ, లేకుంటే ఈనాటికీ వి.కోట దాకా సైకిలు మీదే పోయి వచ్చేవాడిననీ ఇతడు చెప్పుకొంటాడు. ఆ మాటను ఖండించగల సాక్షులెవరూ ప్రస్తుతం ఊళ్లో లేరు.

ఈ విద్య ఇక్కడ ఇంతగా వర్ధిల్లడానికి భౌగోళికమైన కారణం ఉంది. ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటకల సరిహద్దులు చేరువయ్యే ఈ మూలకు పాత సైకిళ్లు మూడు దిక్కుల నుంచీ వచ్చి చేరతాయి. పైగా ఆ మూడు రాష్ట్రాల ప్రభుత్వాలూ బడిపిల్లలకు సైకిళ్లు ఉచితంగా పంచినవే: తమిళనాడు 2001-02లో షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థినులతో మొదలుపెట్టి తరువాత ఇతరులకూ విస్తరించగా, కర్ణాటక 2006-07 నుంచి ఎనిమిదో తరగతివారికి ఇవ్వగా, ఆంధ్రప్రదేశ్ 'బడికొస్తా' అనే పథకం కింద ఉన్నత పాఠశాలల బాలికలకు అందించింది. ఆ పిల్ల పైచదువుకో అత్తవారింటికో వెళ్లిపోయాక సైకిలు పెరటి గోడకు ఆనుకొని, కొంతకాలం కోళ్లకు రాత్రి మజిలీగా ఉపయోగపడి, ఆనక బేరానికి వస్తుంది. వీటికి తోడు, 2020లో కరోనా భయంతో బెంగళూరు అపార్టుమెంట్లవారు ఉత్సాహపడి కొని, ఉత్సాహం చల్లారాక సెల్లారులో వదిలేసిన గేర్ల సైకిళ్లు ఒకటీ అరా ఇటు దిగుతుంటాయి. కొనేవారికి కొదవ లేదు. తెల్లవారకముందే స్టేషను చేరి, బంగారుపేట మీదుగా బెంగళూరు పోయే రైలు అందుకొని, పొద్దుగూకాక తిరిగివచ్చే కూలీకీ చిరుద్యోగికీ ఇంటినుంచి స్టేషను దాకా ఏదో ఒకటి కావాలి. ఆ ఏదో ఒకటి పగలంతా దిక్కులేకుండా స్టేషను దగ్గర నిలబడి, సాయంత్రానికి యథాస్థానంలో ఉండాలి.

ఈ చివరి నియమం నుంచే పరీక్షకుడి మూలసిద్ధాంతం పుట్టింది. రోజువారీ రాకపోకలకు కొనే పాత సైకిలు తొక్కడానికి తేలికగానూ, చూడడానికి దిక్కుమాలినదిగానూ ఉండాలని ఇతడి మతం. ఎందుకంటే మెరిసే సైకిలును యజమాని కంటే ముందు దొంగ చూస్తాడు. ఇతడు ప్రతిపాదించిన అనేక సిద్ధాంతాలలో ఎదురులేనిది ఇదొక్కటే అనవచ్చు. కొత్తగా రంగు పూసిన సైకిలు కనబడగానే ఇతడి ముఖం ముడుచుకుపోతుంది. రంగు తుప్పును దాచుతుంది, అంతకంటే ముఖ్యంగా హ్యాండిలు కిందుగా ఫ్రేము గొట్టాలు కలిసే చోట పడిన సన్నని పగులును దాచుతుంది. ఆ పగులు ఎప్పుడో సైకిలు దేనినో బలంగా గుద్దిందనడానికి గుర్తు. ఇతడు అక్కడ గోటితో గీకి, గీకిన పొడిని వాసన చూసి, అమ్మేవాడి వైపు జాలిగా చూస్తాడు. వాసన వల్ల ఏం తెలుస్తుందో ఏ మెకానిక్కూ ఇంతవరకు వివరించలేదు.

పరీక్ష వెనుక చక్రంతో మొదలవుతుంది. స్టాండు వేసి, పెడల్ ఒక్కసారి బలంగా తిప్పి వదిలి, కళ్లు మూసుకొని, నాడి చూసే వైద్యుడి గాంభీర్యంతో ఇతడు చప్పుడు వింటాడు. ఫ్రీవీలు, అనగా పెడల్ ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే పళ్లబిళ్ల, ఒకే తీరున టిక్కుటిక్కుమంటే మంచిది, మధ్యలో మింగేస్తే లోపలి స్ప్రింగు అరిగిందన్నమాట. తరువాత కమ్మీల వంతు. నల్ల సైకిలుకు ముందు చక్రంలో 32, వెనుక చక్రంలో 40 కమ్మీలుండడం రివాజు. బరువంతా వెనకే పడుతుంది గనుక ఆ తేడా. ఇతడు డెబ్బైరెండింటినీ వేలితో మీటి, వదులైనవాటిని లెక్కపెడతాడు, లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి మీటుతాడు. చైనును ముందు పళ్లచక్రం దగ్గర రెండు వేళ్లతో పట్టి లాగినప్పుడు పన్ను బయటపడేంతగా లేస్తే ఆ చైను సాగిపోయినట్లు లెక్క. అరంగుళానికొక పిన్ను చొప్పున 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి, అంతకు అంగుళంలో ఎనిమిదో వంతు మించితే అది పళ్లను కూడా తినేస్తుంది. చివరగా పెడల్ కాడను పక్కలకు ఊపి, కాటర్ పిన్ను, అనగా ఆ కాడను ఇరుసుకు బిగించే ఏటవాలు మేకు, అరిగిందో లేదో చూస్తాడు. అరిగితే ప్రతి తొక్కుకూ పాదం కింద ఒక దెబ్బ తగులుతుంది. ఇవన్నీ నిజమైన పరీక్షలే, ఏ మంచి మెకానిక్కూ కాదనడు. కాకపోతే మెకానిక్కుకు ఇవి పది నిమిషాల పని, పరీక్షకుడికి ఒక పూట.

తయారీదార్ల విషయంలో ఇతడికి రెండే దేశాలు తెలుసు: మద్రాసు, లూధియానా. 1949లో మద్రాసు అంబత్తూరులో నెలకొన్న టీఐ సైకిల్స్ వారి హెర్క్యులెస్, బీఎస్ఏలు మొదటి దేశానివి; 1956లో లూధియానాలో పుట్టిన హీరో రెండో దేశానిది. 1953లో మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర విడిపోయిన సంగతి సైకిళ్ల విషయంలో ఇతడు ఇంకా ఒప్పుకోలేదు. సోనీపట్‌లో 1951లో మొదలైన అట్లాస్ ఈ రెంటికీ చెందక ఇబ్బంది పెడుతుంది. ఆ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, ఉత్పత్తి నిలిపివేసింది. అది మొదలు ఇక దొరకని సరుకని అమ్మేవాడు ధర పెంచుతాడు, స్పేర్లు దొరకవని పరీక్షకుడు ధర తగ్గిస్తాడు. నల్ల సైకిళ్లన్నీ ఒకే ఇంగ్లీషు నమూనాకు పుట్టిన తోబుట్టువులు గనుక ఒకదాని చైనూ టైరూ మరొకదానికి చాలావరకు సరిపోతాయన్నది ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ చెప్పరు.

గేర్ల సైకిలు ఎదురైనప్పుడు ఇతడి వాదన సగం ఒప్పు, సగం తప్పు. చైనును ఒక పళ్లబిళ్ల మీదనుంచి మరొకదాని మీదికి తోసే డిరైలర్ అనే సాధనం చెడితే స్థానికంగా బాగుచేయించడం కష్టమన్న మాట వినదగిందే. అయితే ఈ పీఠభూమి దారులు చదును కావు, దాదాపు 20 కిలోల నల్ల సైకిలును మిట్ట మీదికి నడిపించుకుపోయే సన్నివేశం ఈ రోడ్ల మీద అరుదూ కాదు. ఆ సంగతి ఎత్తితే "మిట్టొస్తే దిగి నడవల్లప్పా, కాళ్లు దేనికుండేది?" అని ఇతడు మోపెడ్ మీద చెయ్యి ఆనించి ప్రశ్నిస్తాడు.

ధర దగ్గర ఇతడి గణితం తీసివేత ఒక్కటే. వదులు కమ్మీకి ఇంత, అరిగిన బ్రేకు రబ్బరుకు ఇంత, మోగని బెల్లుకు ఇంత అని తగ్గించుకుంటూ పోగా, ఒక దశలో అమ్మేవాడే ఎదురు డబ్బిచ్చి సైకిలును సాగనంపవలసిన స్థితి వస్తుంది. ఈ తంతు మూడు భాషలలో నడుస్తుంది: లోపాలు తెలుగులో, ధర తమిళంలో, లేచి వెళ్లిపోతానన్న బెదిరింపు కన్నడంలో. ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనం కోసం ఇదే ఊళ్లో 1997లో ఒక విశ్వవిద్యాలయం వెలిసింది గాని, క్షేత్రపరిశోధన అంతకుముందే సైకిలు బేరాలలో మొదలైందని గమనించాలి. ఇంతటి పట్టుదలలోనూ అమ్మేవాడి నుంచి ఒక కాగితం రాయించుకొని, ఫ్రేము మీద చెక్కిన నంబరు అందులో వేయించాలన్న ఆలోచన మాత్రం ఇతడికి తట్టదు. కొన్నది దొంగ సొత్తని తేలిన నాడు కొన్నవాడిని కాపాడేది ఆ కాగితమే.

అసలు లోపం మరొకటి. సైకిలులో కొలవదగినవన్నీ కొలిచే ఈ మహానుభావుడు తొక్కేవాడి కాలును కొలవడు. నల్ల సైకిలు ఫ్రేములు సాధారణంగా 22, 24 అంగుళాలలో దొరుకుతాయి. ఫ్రేము కొలత అనగా పెడల్ ఇరుసు నుంచి సీటు గొట్టం పైకొస దాకా ఉండే పొడవు. సీటు మీద కూర్చున్నప్పుడు మునివేళ్లు నేలకు అందాలి, పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు కాస్త మాత్రమే వంగి ఉండాలి. ఈ రెండూ కుదరని సైకిలుకు ఎన్ని సుగుణాలున్నా నెల తిరక్కుండా నడుము పట్టేస్తుంది. పరీక్షకుడు పొడగరి. ఇతడి లెక్కలో 24 అంగుళాలకు తక్కువది పిల్లల ఆటవస్తువు. అందుచేత పొట్టి మేస్త్రీకైనా, పెళ్లైన ఆడకూతురికైనా అదే సిఫారసు, అడ్డకమ్మీ కూడా తప్పనిసరి. చీరకు అడ్డకమ్మీ అడ్డమని ఆమె అంటే "అలవాటైపోతుందిలేమ్మా" అంటాడు.

బేరం ముగిసేది ఇతడి వల్ల కాదు. ఇతడు ఫ్రీవీలు చప్పుడు మరోసారి వింటుండగా, కొనవలసిన మనిషి విసిగి, పక్కనే గోడకు ఆనించి ఉన్న 22 అంగుళాల సైకిలెక్కి వీధి చివరి దాకా వెళ్లి, బ్రేకు పట్టి చూసుకొని తిరిగివచ్చి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చేస్తాడు. ఆ సైకిలును పరీక్షకుడు ముట్టుకోనైనా లేదు. అయినా ఏడాది తరువాత అది చక్కగా తిరుగుతుంటే తాను ఏరిపెట్టిందేననీ, చైను తెగితే తాను ఆ రోజే వద్దన్నాననీ ఇతడు బోండాల అంగడి దగ్గర సెలవిస్తాడు. అంగడి యజమాని రెంటికీ తల ఊపుతాడు. ఆయన కొడుక్కూ ఒక సైకిలు కావలసి ఉంది, వచ్చే ఆదివారం ఇద్దరూ కలిసి రామకుప్పం పోయి చూడాలనుకుంటున్నారు.