కుడికి జరగండి బాబూ, అంకెలొస్తున్నాయి!

వెబ్‌సైట్లు కట్టే జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో సమాచారం నింపే లోపలి గది అడ్మిన్. దాని పట్టికలో అందరూ సమానమే. పేరు గానీ, తేదీ గానీ, ధర గానీ ఎడమ గోడకే ఆనుకుని నిలబడాలి. ఈ సమసమాజం వినడానికి బాగానే ఉంటుంది, లెక్కల దగ్గరే తేడా కొడుతుంది. మదనపల్లె టమాటా ధరలు ఇందులోకి ఎక్కించామనుకోండి. 2023 జూలైలో అక్కడ కిలో రెండు వందల రూపాయల దరిదాపులకు పోయింది. ధర పడిపోయిన రోజుల్లో కోత కూలి కూడా రాక రైతులు అదే పంటను రోడ్డు పక్కన పారబోశారు. ఇంతగా ఎగిరిపడే సరుకులో 7, 70 ఒకే కాలమ్‌లో పడటం వింతేమీ కాదు. రెండూ ఎడమకు ఆనుకుంటే ఏడు కింద ఏడు బుద్ధిగా కూర్చుంటుంది. చూపు పైనుంచి కిందికి జారిపోతుంది, పదింతల తేడా సున్నా చాటున దాక్కుంటుంది. అదే అంకెల్ని కుడికి జరిపితే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు వస్తాయి. కాలమ్‌కు తీరు దిద్దడం అలంకారం కాదు, లెక్కలో భాగమే అంటున్నది ఇందుకే.

వెడల్పు సంగతి ఇంకా విడ్డూరం. పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. రాయడానికి రెండంకెలు చాలు. కానీ పైన ‘పశువు ఎత్తు సెంటీమీటర్లలో’ అని శీర్షిక పెడితే, అడ్మిన్ దాన్ని రెండు వరుసలుగా విరవదు కాబట్టి, పొట్టి ఆవుకు కల్యాణ మండపమంత కాలమ్ దక్కుతుంది. పక్కనున్న ఊరి పేరు ఇరుకున పడుతుంది. చోటు చాలక పేర్లను మధ్యలో కత్తిరిస్తే కుప్పం దగ్గరి రామకుప్పం, పుంగనూరు దగ్గరి రామసముద్రం రెండూ ‘రామ...’ అయి కూర్చుంటాయి. ఆ తర్వాత ఏ ఆవు ఏ మండలానిదో తేల్చాల్సింది ఆ రాముడే. శీర్షికను ‘ఎత్తు’ అని కుదించి, ఊరికి చోటిచ్చి, ఒత్తులు కింది వరుస నెత్తిన పడకుండా వరుసల మధ్య కాస్త ఎడం ఇస్తే చిక్కు తీరిపోతుంది.

‘అది లోపలి గది, బయటివాళ్లెవరు చూస్తారు?’ అంటారు కొందరు. బయటివాళ్లు చూసేదంతా ఆ లోపలి గదిలో టైపు చేసిందే కదా! పైగా జాంగో పుట్టింది అమెరికాలోని లారెన్స్ అనే ఊళ్లో, ఒక దినపత్రిక ఆఫీసులో. పత్రికా విలేకరుల్లా ప్రోగ్రామర్లు కానివాళ్లు రోజూ కూర్చునే గది కాబట్టే అడ్మిన్‌కు విలువ. ‘ఫ్రేమ్‌వర్క్ మీద చెయ్యి వేస్తే రేపు వెర్షన్ మారినప్పుడు కూలుతుంది’ అన్న రెండో అభ్యంతరం కొంత బరువున్న మాటే. టెంప్లేట్లు తిరగరాస్తే ఆ ముప్పు నిజంగా ఉంది. అయితే ప్రతి కాలమ్ శీర్షికకూ ఫీల్డు పేరుతో ఒక సీఎస్ఎస్ క్లాసు ముందే తగిలించి ఉంటుంది, దాంతో వెడల్పు సరిచేసుకోవచ్చని జాంగో డాక్యుమెంటేషనే చెబుతుంది. మోడల్ అడ్మిన్‌లో మీడియా అనే లోపలి క్లాసు రాసి చిన్న సీఎస్ఎస్ ఫైలు జతచేస్తే సరి. తలుపు వాళ్లే తీసిపెట్టాక గోడ బద్దలు కొట్టే పనేముంది?

ఈ వాదం మరీ నచ్చేసి, ప్రతి గడికీ ఒక రంగు పూసేవాళ్లతోనే అసలు భయం. అన్నీ ఎర్రబడితే ఏదీ ప్రమాదం కాదు. కాలమ్‌కు ఏం చేసినా ఒక్క పరీక్ష పెట్టండి: దీనివల్ల ఏ పొరపాటు ఆగుతుంది? జవాబు దొరికితే ఉంచండి. ‘బాగుంది కదా’ అనేది ఒక్కటే జవాబైతే, ఆ సరదా పెళ్లిపత్రిక మీద తీర్చుకోండి.