వారంలో టెలిస్కోపు అద్దం

టెలిస్కోపు అద్దం ఇంట్లోనే చేసుకోవచ్చని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో ప్రశాంతత లేదు. ఆ అనుభవంతో కొత్తవాళ్లకు నాలుగు ముక్కలు చెబుతున్నాను. నెలల తరబడి ఓపిక పట్టమనేవాళ్ల మాట వినకండి. వారం చాలు.

ఆరంగుళాల గాజు బిళ్లలు రెండు తెచ్చుకోండి. ఒకటి కింద, ఒకటి పైన, మధ్యలో నీళ్లూ 80 నంబరు కార్బోరండం పొడీ. బల్ల చుట్టూ తిరుగుతూ, పైబిళ్లను కొంచెం కొంచెం తిప్పుతూ, ముందుకీ వెనక్కీ రుద్దాలట. అప్పుడు పైది గుంటగా, కిందది ఉబ్బుగా అరిగి, గోళాకారం దానంతటదే వస్తుందట. ప్రదక్షిణలకు ఇదేమన్నా గుడా? కుర్చీలో కూర్చుని, టీవీ చూస్తూ ఒకే వైపు తోయండి. అలా చేస్తే నక్షత్రం చుక్కలా కాక గీతలా కనిపిస్తుంది. చుక్క కంటే గీత పెద్దదే కదా.

నాలుగడుగుల ఫోకస్‌కి మధ్యలో లోతు దాదాపు 1.2 మిల్లీమీటర్లు చాలు. ఇంత చాకిరీకి ఇంతేనా అనిపిస్తే ఇంకా తవ్వండి. గొట్టం పొట్టిదై బస్సులో పట్టుకెళ్లడానికి వీలుగా ఉంటుంది. చివర్లో ఆకారం తేవడం ఎన్నో రెట్లు కష్టమవుతుందంటారు. చివరి సంగతి చివర్లో చూసుకుందాం.

80 తర్వాత 120, 220, ఆపైన ఇంకా సన్న పొడులు. పొడి మార్చిన ప్రతిసారీ బిళ్లలు, బల్ల, ఆఖరికి గోళ్ల సందులు కూడా కడగమంటారు. మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు. అందుకని ఒకే బకెట్, ఒకే తువ్వాలుతో సరిపెట్టాను. పాలిష్ మూడో గంటలో, అన్నంలో రాయి పంటికి తగిలినట్టు, చేతి కింద 'కిర్ర్' మంది. తువ్వాల్లో దాక్కున్న 80 నంబరు గింజ దిగిందన్నమాట. బిళ్లను వెలుతురుకి పెడితే అంచు నుంచి మధ్యదాకా వెంట్రుకంత గీత. నిజానికి ఒక్క గీతతో చూపుకు పెద్ద నష్టం లేదు, పరువే పోతుంది. అది పోవాలంటే మళ్లీ వెనకటి పొడికి వెళ్లాలి. నేను వెళ్లలేదు.

పాలిష్‌కి కిందిబిళ్ల మీద పిచ్ అనే తారులాంటి పదార్థం పోసి, గళ్లు కోసి, సీరియం ఆక్సైడ్ నీళ్లతో రుద్దాలి. గోరు గుచ్చితే నెమ్మదిగా దిగేంత గట్టిగా ఉండాలి పిచ్. విజయవాడలో, మే నెలలో, నాది బెల్లం పాకంలా జారింది. ఏ పాకం ఎప్పుడు దించాలో మా ఆవిడకు బాగా తెలుసు. అడగడం నామోషీ.

ఇంగ్లండులోని బాత్ ఊళ్లో విలియం హెర్షెల్ లోహపు అద్దం పాలిష్ చేస్తూ ఒకసారి 16 గంటలు చెయ్యి తియ్యలేదు. చెల్లెలు కరోలిన్ నోట్లో ముద్దలు పెట్టిందట. 1781లో అదే ఊళ్లో తన ఇంటి పెరట్లోంచే యురేనస్‌ను కనిపెట్టాడు. పాపం, ఆయనకు ఫోను లేదు. మీకుంది. మధ్యలో ఆపి హాయిగా మాట్లాడుకోండి. తిరిగొచ్చేసరికి అద్దం పిచ్‌కి అతుక్కుపోయి ఉంటుంది, వెతుక్కునే పని లేదు.

ఇక అద్దం ఆకారం చూసే ఫూకో పరీక్ష. అద్దానికి ఎనిమిదడుగుల దూరంలో సూదిబెజ్జమంత వెలుతురు పెట్టి, తిరిగొచ్చే కాంతిని బ్లేడుతో కోస్తూ నీడ చూడాలి. గోళమైతే అప్పడంలా చదునుగా, మనక్కావలసిన పారాబొలా అయితే గారెలా కనిపిస్తుంది. ఈ రెంటికీ తేడా మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు. వేలు కాసేపు ఆనిస్తే ఆ వేడికే గాజు ఉబ్బి నీడలో గుట్ట లేస్తుంది. అందుకే రుద్దిన ప్రతిసారీ చల్లారేదాకా ఆగాలట. నేను ఆగలేదు. గుట్ట కనబడగానే దాన్ని అరగదీశాను. చల్లారాక చూస్తే అక్కడ గుంట.

రెండో పరీక్ష జోలికి అసలు పోకండి. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు 2.4 మీటర్ల అద్దాన్ని పరీక్షించిన పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట కూర్చుంది. దాంతో అద్దం అంచు 2.2 మైక్రాన్లు ఎక్కువ అరిగింది. వేరే పరీక్షల్లో తేడా బయటపడినా, మొదటిదాన్నే నమ్మి 1990లో పైకి పంపారు. అంత పెద్దవాళ్లు పట్టించుకోనిది మనకెందుకు? 1993లో వ్యోమగాములు వెళ్లి దాని చూపు సరిచేశారు. మా ఇంటికి ఇంతవరకూ ఎవరూ రాలేదు.

నా అద్దం ఇప్పుడు ఆవకాయ జాడీ మీద ఉంది. మూత సరిగ్గా సరిపోయింది.