భూదేవికి కోరాపుట్ గృహస్థు మహజరు

మహాలక్ష్మీ సమానురాలైన భూదేవిగారి దివ్యసముఖానికి (ఆవిడ మీకు సవతి అని తెలుసు, ఉత్తరాల మర్యాద కొద్దీ రాశాను), కోరాపుట్‌లో కాపురముంటున్న తెలుగు గృహస్థు రాసుకున్న మహజరు ఏమనగా:

ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి కొండ, 1672 మీటర్లది, మా జిల్లాలోనే పెట్టారు. సంతోషం. చలీ పెట్టారు. మరి వేన్నీళ్ళు పంచేవేళ మేం గుర్తు రాలేదా? ఖుర్దాకు అత్రి, అంగుల్‌కు దేవులఝరి, నయాగఢ్‌కు తరబాలొ, గంజాంకు తప్తపాణి. మాకేమో మాచ్‌ఖండ్ నది మీది డుడుమా జలపాతం, అదీ చన్నీళ్ళదే. ఆ మాచ్‌ఖండ్ నీళ్ళు కూడా 1955 నుంచి కరెంటై ఆంధ్రాలో ఎవరెవరి గీజర్లనో కాగబెడుతున్నాయి. మా గీజరు పుష్యమాసం రాగానే మూలపడింది.

ఈలోగా మామగారి మోకాళ్ళు పట్టేశాయి. గంధకం నీళ్ళే మందన్నారు. బాడుగ కారులో లక్ష్మీపూర్ ఘాట్ దిగి, రాయగడలో మజ్జిగౌరమ్మకు దణ్ణం పెట్టుకుని, మోహన మీదుగా తప్తపాణి చేరాం. మామగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఒడియాలో పాణి అంటే నీళ్ళని చెబితే ఒప్పుకోరు. "చక్రపాణి అంటే చేతిలో చక్రం ఉన్నవాడు. తప్తపాణి అంటే చెయ్యి కాలినవాడే, అల్లుడుగారూ!" కారు బాడుగ ఇస్తున్నప్పుడు ఆయన వ్యుత్పత్తే సరైందని తేలింది.

అక్కడ కంధుణీదేవి గుడి దగ్గర ఊట. కుళ్ళిన కోడిగుడ్ల వాసన. వాననీరు రాతి పగుళ్ళలోంచి లోతుకు ఇంకి, మీ కడుపులో వేడికి కాగి, మళ్ళీ పైకి తన్నుకొస్తుందట. అగ్నిపర్వతం అక్కర్లేదట! సరిగ్గా అదే నా అభ్యంతరం. వాన మా మీదా కురుస్తుంది. ఇక పగుళ్ళంటారా, మా ఇంటి గోడలకే కావలసినన్ని ఉన్నాయి.

మామగారు గంటసేపు కాళ్ళు నానబెట్టుకుని, చకచకా మెట్లెక్కి, "నెలకోసారి రావాలి" అన్నారు. నేను మెట్టు మీదే కూలబడ్డాను. మా ఆవిడ ఎందుకైనా మంచిదని రెండు పెద్ద సీసాల నిండా ఆ నీళ్ళు పట్టింది. రాయగడ దాకా గోరువెచ్చగానే ఉన్నాయి. ఘాట్ ఎక్కేసరికి చల్లబడ్డాయి. వాసన మాత్రం ఏమాత్రం తగ్గకుండా ఇంటిదాకా వచ్చింది.

ఇవాళ పొద్దున ఆ వేడినీటి ఊట నీళ్ళను మామగారి మోకాళ్ళ కోసం మా ఆవిడ గ్యాసు పొయ్యి మీద కాస్తోంది.